ఊడకుంటే బాగుండు

సుత్తి దెబ్బ పడినప్పుడల్లా బండి మొత్తం ఉలిక్కిపడుతోంది, దాంతోబాటు వెంకటాచలం కూడా. కనకమ్మసత్రం దాటి మూడు కిలోమీటర్లు వచ్చినాక, తిరుత్తణి రోడ్డు పక్కన, ఎడమ పక్క ముందు చక్రం గాలి పోయి నేలకు అణిగి కూర్చుంది. దాని ముందర గోనెసంచి పరుచుకుని మోకాళ్ళ మీద ఉన్నాడు ఎలుమలై. పందొమ్మిదేండ్లు ఈ ఇంటి బండ్లు తోలిన మనిషి, రెండేండ్లుగా ఈ ఇంటి గడప తొక్కని మనిషి. చక్రానికి ఐదు నట్లు. నాలుగు మామూలువి, స్పానరు పెట్టగానే చెప్పిన మాట విన్నట్టు వదులైపోయినాయి. ఐదోది లాకు నట్టు. దాని తల గుండ్రంగా ఉంటాది, చుట్టూ పూలరేకుల మాదిరి గాడి. ఆ గాడిలోకి దిగే తాళం లోకంలో ఒకటే, వేలెడంత ఇనుప ముక్క, అది కనపడలేదు. డ్యాష్‌బోర్డు పెట్టెలో లేదు, సీట్ల కింద లేదు, తలుపుల అరల్లో లేదు. ఎవురి కంటా పడగూడదని వెంకటాచలమే యాడో దాచినాడు, ఎంత బాగా దాచినాడంటే తనకే దొరకలేదు. తాళం లేకుంటే ఎట్ల తీస్తావని అడిగితే, నట్టు కన్నా రవ్వంత చిన్న సాకెట్టును దాని మీద పెట్టి సుత్తితో కొట్టి ఎక్కిస్తామయ్యా, గట్టిగా కరుచుకుంటే తిప్పేస్తాము, అన్నాడు ఎలుమలై తల ఎత్తకుండానే. కరుచుకోకుంటే, అని అడిగినాడు వెంకటాచలం. అడిగినాక తెలిసింది, తన గొంతులో ఉన్నది భయం కాదు, ఆశ.

ఊడకుంటే బాగుండు. ఆ నట్టు అట్లనే తుప్పు పట్టి చక్రంలో కలిసిపోతే బాగుండు. ఎదురుగా మోరీ గోడ మీద కూర్చుని ఎండకు తువ్వాలు తల మీద వేసుకున్న వెంకటాచలం మనసులో గంట నుంచి తిరుగుతున్న మాట ఇదొక్కటే. తిరుత్తణి కొండ మీద మనవడు మోహిత్‌కు ఈపొద్దు పుట్టెంట్రుకలు తీస్తారు. పదిన్నరకు ముహూర్తం. కూతురు రంజిత, అల్లుడు, వియ్యంకులు అందురూ తెల్లారే కొండెక్కినారు. తిరువళ్ళూరు నుంచి తాతా అవ్వా వచ్చేదాకా మంగలి ముందర కూర్చోబెట్టేది లేదని రంజిత ఇప్పటికి మూడుసార్లు ఫోన్ చేసింది. అయినా తాత నట్టు ఊడొద్దని మొక్కుతా ఉన్నాడు. యాడైనా ఉంటాడా ఇట్లాంటి తాత? నట్టు ఊడితే జాకీ ఎక్కిస్తాడు, చక్రం తీస్తాడు, తీసినాక లేచి నిలబడి, స్టెప్నీ ఇయ్యండయ్యా, అంటాడు. అప్పుడు డిక్కీ తెరవాల. డిక్కీలో చాప కింద, పాత దుప్పటిలో చుట్టి, బోర్లా పెట్టిన అలాయ్ చక్రం ఉంది. రెండేండ్ల కిందట ఎలుమలై దొంగిలించి అమ్ముకున్నాడని తాను అందురి ముందరా అన్న చక్రం అది.

"డిక్కీలో చూసినారా అయ్యా? టూల్స్ సంచిలో పడుంటాది ఒక్కోసారి," అని వచ్చీ రాగానే అడిగినాడు ఎలుమలై.

"చూసినాం. లేదు."

"మీరెప్పుడు చూసినారు?" అని కిటికీలోంచి భార్య మీనాంబ అడిగింది. వెంకటాచలం వినపడనట్టు రోడ్డుకేసి తిరిగినాడు. బండి తాళాలు జేబులో ఉన్నాయి, వాటి మీద చెయ్యి ఉంది. ఎలుమలైని పిలిచింది కూడా మీనాంబే. తాను బండి కంపెనీ నంబరుకు ఫోన్ చేసి, మనిషి వచ్చేదానికి రెండు గంటలు పడతాదని వాళ్ళు చెపితే సరే సరే అంటా ఉండగానే, ఆమె పక్కన తన ఫోన్లో మాట్లాడి పెట్టేసింది. ఎలుమలై అంగడి ఈడికి దగ్గరే కదా, వస్తా ఉండాడు, అనింది. వాడి నంబరు నీ దగ్గర యాడిది అంటే, పండగకీ పబ్బానికీ మాట్లాడతానే ఉండాను, మీకు చెప్పలేదు, అంతే, అనింది. పావు గంటలో టీవీఎస్ మోపెడ్ మీద, ముందర సంచిలో సామాన్లు గలగలమంటా వచ్చినాడు. బాగుండారా అయ్యా అన్నాడు. బాగుండాను అన్నాడు తాను. అంతే. రెండేండ్ల తరువాత రెండు మాటలు.

ఆ అంగడి తనకు తెలియక కాదు. నీలం పట్ట కప్పిన పంచర్ అంగడి, రోడ్డుకు ఎడమ పక్క, ముందర సున్నం కొట్టిన పాత టైర్లు వరసగా పాతి పెట్టి, అరవంలో పేరు రాసిన చిన్న పలక. తిరుత్తణికి పోయిన ప్రతిసారీ కనకమ్మసత్రం వస్తానే వెంకటాచలం మెడ దానంతటదే కుడి పక్కకు తిరిగిపోయేది. కుడి పక్క ఏమీ ఉండదు, ఎండిన వేరుశనగ చేను, ఒక ఇటుకల బట్టీ. ఆ బట్టీని చూసినంత శ్రద్ధగా తాను కట్టిన ఇంటిని కూడా ఎప్పుడూ చూడలేదు. ఈపొద్దు కూడా అట్లనే తిరిగి చూస్తా, రోడ్డు మీద పడున్న ఇనుప ముక్కను చూడలేదు. అది చక్రంలో దిగి, మూడు కిలోమీటర్లలో గాలంతా పోయింది.

మళ్ళీ దెబ్బ. సాకెట్టు జారి కిందపడింది. ఎలుమలై దాన్ని తీసుకుని వేలితో లోపల తడిమి చూసి, పక్కన పెట్టి, సంచిలోంచి పన్నెండు పలకలది ఇంకోటి తీసినాడు. వాని చేతులు. ఆ చేతులను చూడకుండా ఉండాలని వెంకటాచలం శానా ప్రయత్నం చేసినాడు. తెల్ల చొక్కా తప్ప వేసుకోని మనిషి, స్టీరింగ్ పట్టుకునే ముందర ఖర్చీఫ్‌తో చేతులు తుడుచుకునే మనిషి, పెట్రోలు బంకు దగ్గర కూడా దూరంగా నిలబడే మనిషి. ఇప్పుడు గోళ్ళలో నలుపు దిగిపోయి, బొటనవేలు గోరు సగం చితికిపోయి, మణికట్టు దాకా కాలిన మచ్చలు. నలభై ఐదేండ్ల వయసులో ఎవురూ ఇష్టపడి పంచర్ పని నేర్చుకోరు. డ్రైవరు పని ఎవురూ ఇయ్యకపోతే నేర్చుకుంటారు. ఎందుకు ఇయ్యలేదో, అనుకోబోయి వెంకటాచలం ఆ ఆలోచనను అక్కడే ఆపేసి, లేచి, నీళ్ళు తాగి, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.

రెండేండ్ల కిందట ఆ దినం, తిరువళ్ళూరులో తన బియ్యం మండీలో, పొద్దున ఎనిమిదిన్నర. పెళ్ళింటికి రెండు మూటలు పంపాలని డిక్కీ తెరిపిస్తే, స్టెప్నీ ఉండే గుంత ఖాళీ. గుండ్రంగా, లోతుగా, అడుగున కొంచెం వాన నీళ్ళు. ఐదు అలాయ్ చక్రాలు జతగా కొన్నవి, చూసినవాళ్ళంతా మెచ్చుకున్నవి. మూటలు మోసేవాళ్ళు, గుమాస్తా శివరామయ్య, బావమరిది ద్వారకనాథ్, ఇద్దరు ముగ్గురు బేరగాళ్ళు అందురూ ఉన్నారు. యాడ అమ్మినావురా, అన్నాడు తాను. రా అనడం అదే మొదలు. పందొమ్మిదేండ్లలో ఒకసారి కూడా అనలేదు. ఎలుమలైకి ఆ ప్రశ్న అర్థం కాలేదు, రా మాత్రం అర్థమయింది, అందుకే మొహం అట్ల అయిపోయింది. ఆ మొహాన్ని తాను అప్పుడు దొంగ మొహం అనుకున్నాడు. నేను ఎందుకు అమ్ముతానయ్యా, అన్నాడు. తిరుత్తణి మురుగన్ ముందర కర్పూరం ఆర్పుతావా, అన్నాడు తాను. ఆర్పుతాను, అన్నాడు ఎలుమలై.

మరుసటి దినం ఆ ప్రమాణానికి బండి తోలుకుని పోయింది కూడా ఎలుమలైనే. వెనక సీట్లో తాను, ముందర ఎలుమలై, ఇదే రోడ్డు. గుంతలొస్తే ఎప్పటి మాదిరే మెల్లగా తోలినాడు, అయ్యకు నడుం నొప్పి కదా అని. ఘాట్ రోడ్డు మీద కొండెక్కించి, తలుపు తెరిచి, చెప్పులు విడిచే చోటు చూపించినాడు. గర్భగుడి ఎదుట అరచేతిలో కర్పూరం వెలిగించుకుని, నేను తీసి ఉంటే నా చెయ్యి పడిపోనీ, అని ఇంకో చేత్తో కొట్టి ఆర్పినాడు. తిరిగొస్తా ఉంటే తాను వెనక సీట్లోంచి అన్నాడు, చక్రం అమ్మినోడికి కర్పూరం ఒక లెక్కా, అని. ఎలుమలై అద్దంలో ఒకసారి చూసినాడు. తిరువళ్ళూరు దాకా తోలి, మండీలో నీడన బండి పెట్టి, స్టీరింగ్ తుడిచి, తాళాలు శివరామయ్య చేతికిచ్చి నడుచుకుంటా పోయినాడు. ఆ సాయంకాలమే తాను అంగడికి పోయి నాలుగు చక్రాలకూ నాలుగు లాకు నట్లు వేయించినాడు. అంగడాయన తాళం చేతికిస్తా, పదిలం అయ్యా, ఇది పోతే మీరు కూడా తీయలేరు, అన్నాడు.

"అమ్మా, కొంచెం దిగతారా? తిప్పేటప్పుడు బండి అదురుతాది," అన్నాడు ఎలుమలై.

మీనాంబ దిగి వచ్చి మోరీ గోడ మీద, భర్తకు ఒక మూర దూరంలో కూర్చుంది. ఒడిలో పిల్లోడి కొత్త గుడ్డల సంచి. పిల్లోడు. వాడు పుట్టిన దినమే కదా అసలు. ఆ దినం ఎలుమలై సెలవులో ఉన్నాడు, తానే బండి తోలుకుని అరక్కోణం పోయినాడు. దారిలో స్టెప్నీలో గాలి లేదని చూసుకుని, వరదరాజులు అనే ఆయన టైర్ల అంగట్లో పంచర్‌కు ఇచ్చి, సాయంత్రం వచ్చి తీసుకుంటానన్నాడు. మధ్యాహ్నం ఫోన్ వచ్చింది, రంజితకు నొప్పులని. ఇంకేం గుర్తుంటాది? ఆస్పత్రికి పరుగు, మగపిల్లోడు, చక్కెర పంచడం, పేరు పెట్టడం. నెల గడిచి మండీలో డిక్కీ తెరిపించేసరికి అరక్కోణం, అంగడి, చక్రం అన్నీ ఎవురో తుడిచేసినట్టు మనసులోంచి పోయినాయి. ఐదు నెలల తరువాత మళ్ళీ ఆ దారిన పోతా ఉంటే, టీ అంగడి కాడ వరదరాజులు పలకరించి, అయ్యా మీ చక్రం నా కాడ మూల పడుంది, మీ నంబరు లేక చెప్పలేదు, అన్నాడు. టీ గ్లాసు చేతిలో ఉండగానే అంతా గుర్తొచ్చింది, వరదరాజులు ఆ దినం వేసుకున్న చొక్కా రంగుతో సహా. చక్రం తెచ్చుకుని డిక్కీలో పెట్టుకున్నాడు. ఇంట్లో కొత్తది కొన్నానని చెప్పినాడు. రేపు పోయి ఎలుమలైకి చెప్తాం అనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు. రేపు ఏదో పని పడింది, ఆ తరువాతి వారం ఒంట్లో బాగలేదు, ఆ తరువాత ఇంత ఆలస్యంగా పోతే ఏమనుకుంటాడో అనిపించింది. ఆలస్యం చేసిన ప్రతి దినమూ ఇంకో దినం ఆలస్యం చేసేదానికి కారణమైంది.

అంతవరకే అయితే ఈ గోడ మీద ఇంత వేడి ఉండేది కాదేమో. అంతవరకే అయితే మరపు, బద్ధకం, పెద్దరికం అని ఏదో ఒక పేరు పెట్టుకోవచ్చు. చక్రం దొరికిన నెలకు ఇంద్రసేన ఫోన్ చేసినాడు. తిరువళ్ళూరులో స్కూలు బస్సులు నడిపే మనిషి, దూరపు చుట్టం. అన్నా, ఎలుమలై అని నీ దగ్గర చేసినాడంట, బస్సు తోలేదానికి అడుగుతా ఉండాడు, ఎట్లాంటోడు, అన్నాడు. ఆ ఫోన్ వచ్చినప్పుడు వెంకటాచలం భోజనం చేసి మంచం మీద ఒరిగి ఉన్నాడు, పైన ఫ్యాను తిరుగుతా ఉంది. బండి బాగా తోలతాడు, అన్నాడు. అని ఆగినాడు. ఆ ఆగడం ఎంతసేపు? రెండు ఊపిర్లు. ఇంద్రసేన తెలివైనవాడు, ఆ రెండు ఊపిర్లలోనే అర్థం చేసుకుని, సరి అన్నా, పిల్లల బస్సు కదా, చూస్తాను, అని పెట్టేసినాడు. తాను అబద్ధం చెప్పలేదు. ఒక్క ముక్క అబద్ధం చెప్పలేదు. నిజం చెపితే చక్రం దొరికిన సంగతి చెప్పాల్సొస్తాది, అది చెపితే మండీలో తన మాట ఏమవుతాది, అనుకుని ఊరకున్నాడు. ఆ రెండు ఊపిర్లు ఎలుమలైని ఈ గోనెసంచి మీద మోకాళ్ళ మీద కూర్చోబెట్టినాయి.

ఎలుమలై రాడ్డుకు పొడుగాటి పైపు తొడిగినాడు. రెండు చేతులా పట్టుకుని కిందికి వంచినాడు. కదల్లేదు. మళ్ళీ సుత్తి, నాలుగు దెబ్బలు, మళ్ళీ పైపు. ఈసారి లేచి పైపు చివర మీద ఒక కాలు పెట్టి, బండి పట్టుకుని, తన బరువంతా దాని మీద వేసినాడు. మెడ నరాలు ఉబ్బినాయి. వెంకటాచలం కూడా తెలియకుండానే పళ్ళు బిగబట్టినాడు, ఎవురి పక్కనో తనకే తెలియలేదు. టక్కుమని ఏదో విరిగినట్టు చప్పుడయింది. విరగలేదు. నట్టు వదులైంది.

"వచ్చేసిందమ్మా!" అన్నాడు ఎలుమలై. గంటలో మొదటిసారి నవ్వినాడు. చెమట చేత్తో తుడుచుకుని, జాకీ పెట్టి బండి లేపి, చక్రం ఊడదీసి పక్కన పడేసినాడు. లేచి నిలబడినాడు. "స్టెప్నీ తీస్తానయ్యా. డిక్కీ తెరవండి."

వెంకటాచలం లేచినాడు. బండి దాకా పది అడుగులు. పదో అడుగులో కూడా ఏదైనా జరుగుతాదని, ఎవురైనా వస్తారని, రంజిత ఫోన్ అయినా మోగుతాదని చూసినాడు. డిక్కీ తాళం తీసి, దాని మీద చెయ్యి పెట్టి ఆగిపోయినాడు. దుప్పటి తీసేది తానైతే బోర్లానే పట్టుకుని ఇయ్యొచ్చు, వీడు గమనించడేమో. ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం పుట్టింది. చివరికి నోరు తెరిపించింది ఆ అసహ్యమే, మంచితనం కాదు.

"ఎలుమలై, ఆగు. ఇందులో ఉండేది ఆ చక్రమే."

"ఏ చక్రమయ్యా?"

"నువ్వు అమ్మినావని నేనన్నది. నేనే అరక్కోణంలో పంచర్‌కిచ్చి మరిచిపోయినాను. పిల్లోడు పుట్టిన దినం. దొరికి ఏడాదిన్నర దాటింది."

ఎలుమలై డిక్కీ తెరిచి, చాప లేపి, దుప్పటి విప్పి, చక్రాన్ని తిప్పి నిలబెట్టినాడు. ఒక కడ్డీ మీద వెండి రంగు మచ్చ ఉంది. తిరువళ్ళూరు స్టేషను కాడ గట్టుకు రాసుకుపోతే, మీనాంబ గేటుకు వేయించిన రంగు మిగిలింది తెచ్చి ఎలుమలైనే దిద్దినాడు. దాన్ని బొటనవేలితో ఒకసారి రుద్దినాడు. తరువాత చక్రాన్ని దొర్లించుకుంటా పోయి కూర్చుని బిగించేదానికి మొదలు పెట్టినాడు. మీనాంబ గోడ మీదినుంచి లేవలేదు. ఏడాదిన్నర, అనింది, ఎవురితోనో చెప్పినట్టు. "నాకు కొత్తది కొన్నానంటిరి."

నాలుగు నట్లు ఎక్కించి, ఒకటి విడిచి ఒకటిగా బిగిస్తా ఎలుమలై అన్నాడు, "మరిచిపోయినారు. ఎవురైనా మరిచిపోతారయ్యా. సరే, పోనీండి." మాట మామూలుగానే ఉంది. అంతే. అయిపోయింది. ఇంత తేలికగా అయిపోతాదని తెలిసుంటే ఎప్పుడో చెప్పేవాణ్ణి, అని వెంకటాచలం మనసు ఒక్క క్షణం పిల్లి మాదిరి ఒళ్ళు విరుచుకుంది. మరుక్షణమే, క్షమించింది దేన్నో, క్షమించాల్సింది దేన్నో అర్థమయింది. ఇప్పుడు ఊరకుంటే ఇంకో రెండు ఊపిర్లు. ఈసారి వాడి కళ్ళెదుటే.

"ఇంకోటుంది," అన్నాడు. "ఇంద్రసేన నీ గురించి నన్ను అడిగినాడు. బస్సు పనికి. నువ్వు మంచోడివని నేను చెప్పలేదు. ఊరకుంటిని. దాంతో ఆయన వేరే మాదిరి అనుకున్నాడు."

స్పానరు ఆగింది. రోడ్డు మీద తిరుపతి బస్సు ఒకటి గాలి విసురుతా పోయింది.

"చక్రం దొరికినాకనా అయ్యా, దొరకకముందా?"

ముందా అని అడిగినప్పుడు ఎలుమలై కళ్ళలో ఉన్నది చూసి, ముందేనని చెప్పమని వాడే అడుగుతున్నాడని వెంకటాచలానికి అనిపించింది.

"దొరికినాకనే," అన్నాడు.

ఎలుమలై తల ఊపినాడు. బిగించాల్సిన చివరి నట్టు బిగించినాడు, జాకీ దించినాడు, సామాన్లు ఒక్కొక్కటే తుడిచి సంచిలో వేసుకున్నాడు. తుడవడంలో తొందర లేదు. మీనాంబ వచ్చి ఎదురుగా నిలబడింది. "ఎలుమలై, ముందు మీ ఇంటికి పోదాం పద. నీ భార్య ముందర ఈయన చెప్తాడు. కొండ తరువాత చూసుకుందాం."

"వద్దమ్మా," అన్నాడు ఎలుమలై. "అది నన్ను ఒక్క దినం కూడా అనుమానించలేదు. నమ్మినోళ్ళకి చెప్పి ఏం చేసేది? నమ్మనోళ్ళకి చెప్పమనండి." సంచి మోపెడ్‌కు తగిలించి, కాలు వేసి, బండిని కాదు, అయ్యను కాదు, చక్రాన్ని చూస్తా అన్నాడు. "మిగతా మూడు చక్రాలకీ లాకులుండాయి, తీపిచ్చేయండి. దీని నట్లు యాభై కిలోమీటర్లు తిరిగినాక ఇంకోసారి బిగించుకోవాల. ఎవురైనా బిగిస్తారు." మోపెడ్ కనకమ్మసత్రం వైపు తిరిగి, చిన్నదై, లారీల మధ్య కనపడకుండా పోయింది.

వెంకటాచలం స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. మీనాంబ ముందర ఎక్కలేదు, వెనక తలుపు తెరుచుకుని కూర్చుంది. ఆమె ఫోన్ మోగింది. "మీరు మొదలు పెట్టేయండమ్మా," అని రంజితతో చెప్పింది. "లేదు, బండి బాగైపోయింది. మీ నాయనకు ఇంకొక పని ఉండాది. అయినాక వస్తాము." పెట్టేసి కిటికీలోంచి బయటికి చూస్తా కూర్చుంది. అద్దంలో ఆమె చెంప మాత్రం కనపడుతోంది.

ఫోన్లో ఇంద్రసేన పేరు వెతికేటప్పుడు వేళ్ళు రెండుసార్లు తప్పు పేరు మీద పడినాయి. అటుపక్క బస్సుల శబ్దం, పిల్లల గోల. చెప్పన్నా, అన్నాడు ఇంద్రసేన ఉల్లాసంగా.

"నువ్వొకసారి ఎలుమలై గురించి అడిగితివి. గుర్తుందా?"

"ఎలుమలైనా? ఎవురన్నా ఆయన?"

గుర్తు లేదు. ఆ మనిషి బతుకునంతా తిప్పేసిన ఫోను ఇంద్రసేనకు గుర్తు కూడా లేదు. ఇక్కడితో ఆపేయొచ్చు, ఏం లేదులే అని పెట్టేయొచ్చు, ఎవురూ అడగరు. వెనక సీట్లో మీనాంబ కదల్లేదు. వెంకటాచలం కిటికీ అద్దం పైకెత్తి, రోడ్డు చప్పుడు ఆగినాక, ఊపిరి తీసుకోకుండా మొదలు పెట్టినాడు.

"చెప్తాను విను. నా దగ్గర పందొమ్మిదేండ్లు బండి తోలినాడు. ఒక దినం కూడా నా సొమ్ము ముట్టుకోలేదు. తప్పు చేసింది నేను."